పరదేశముననుండి స్వదేశపు ఆట

(మా పట్టణ గ్రంథాలయ వార్షికోత్సవ సభయందు, విదేశములకు బోవు విద్యార్థులను వారి తలిదండ్రులను ఉద్దేశించి యొక న్యాయవాది చేసిన యుపన్యాసము)



గ్రంథాలయోద్యమమునకు స్వచ్ఛందసేవకుడనై యేటేట ఈ వేదికమీద నేదేనొక విషయమునుగూర్చి నాలుగుమాటలు చెప్పుట నాకు వాడుక. ఈ యేడు కార్యదర్శిగారు విషయమును నా యిష్టమునకే విడిచినారు. అది నాకు మొన్న కోర్టు వరండాలో దొరకినది. నాకంటె పెద్దలైన యొక ప్లీడరుగారి కుమారుడు అమెరికాలో నున్నాడు. వారు నాతో ననిరి: "ఏమయ్యా, మావాడు రాత్రి రెండింటికి లేచి కూర్చుని మన క్రికెట్టు చూస్తాడట. ఓడిననాడు అన్నం ముట్టడట. అంత ప్రేమ ఉన్నవాడు దేశం విడిచి పోవడమెందుకు? పోయినవాడికి మనం గెలిస్తేనేమి, ఓడితేనేమి?" నవ్వుచునే యనిరి గాని యా నవ్వులో తండ్రిబాధ కొంత కలదు.

ఈ ప్రశ్న వారి యొక్కరి యింటిది కాదు. ఆంధ్రప్రదేశమునను తెలంగాణమునను నేడు విదేశమున బిడ్డలేని వీథి యరుదు. ఈ సభలో ముందువరుసల గూర్చున్న యువకులలో ననేకులు త్వరలోనే విమానమెక్కనున్నారు. ఆ ప్రశ్నకు సమాధానము చెప్పకుండ వారిని సాగనంపుట నాకు న్యాయముగా దోచలేదు.

నా సిద్ధాంతమును ముందే చెప్పెదను. దూరముననున్నవాడు స్వదేశపు ఆటను చూచుట దేశముతోడి సంబంధమే. అందు సందేహము లేదు. సంబంధమున్నచోట హక్కును గలదు, బాధ్యతయు గలదు. ఆ హక్కును మన చట్టము సగమే గుర్తించినది. ఆ బాధ్యతను మనలో పెక్కుమంది సగమైనను గుర్తింపలేదు. ఈ రెండు లోపములను మీ యెదుట బెట్టుటయే నా యుద్దేశము.

మొదట గడియారము సంగతి చెప్పెదను. ఏలయన దూరదేశపు ప్రేక్షకుని కష్టమంతయు గడియారములోనే యున్నది. మన దేశమున టెస్టుమ్యాచి ఉదయము తొమ్మిదిన్నరకు మొదలగును. శీతకాలమున నమెరికా తూర్పుతీరమున నప్పుడు రాత్రి పదునొకండు గంటలు. మన సాయంత్రము నాలుగున్నరకు ఆట చాలించుసరికి అచ్చట తెల్లవారి యారు. అనగా నైదుదినముల యాటను పూర్తిగా చూడదలచినవాడు ఐదురాత్రులు నిద్ర విడువవలెను. 2023 నవంబరు 19న అహమ్మదాబాదులో జరిగిన ప్రపంచకప్పు ఫైనలు మనకు మధ్యాహ్నము రెండింటికి మొదలయినది. న్యూయార్కులో నప్పుడు తెల్లవారుజాము మూడున్నర. కాలిఫోర్నియాలో నర్ధరాత్రి దాటి యరగంట. అంతకుముందు వరుసగా పది ఆటలు గెలిచివచ్చిన మన జట్టు ఆనాడు 240 పరుగులకే ముగిసినది. ట్రావిస్ హెడ్ యొక్కడే 137 కొట్టగా ఆస్ట్రేలియా ఆరు వికెట్లతో గెలిచినది. అక్కడి మనవారికి సూర్యుడు నడినెత్తికి వచ్చుచుండగా ఆట ముగిసినది. రాత్రి నిద్రయు బోయె, ఆదివారపు పగలును బోయె.

అమెరికావాని కష్టమిట్లుండగా గల్ఫువాని కష్టము వేరు. కరీంనగరము, నిజామాబాదు, జగిత్యాల ప్రాంతములనుండియు, గోదావరిజిల్లాలనుండియు, కడపనుండియు వెళ్లిన మన కష్టజీవులు అక్కడ వేలాదిగా నున్నారు. సౌదీ, కువైటు, కతారు దేశములలో నాదివారము పనిదినము. ఆ ఫైనలు వారికి మిట్టమధ్యాహ్నపు వేళకు ముందే మొదలయినది. భవనములు గట్టుచోట ఇనుపచువ్వలు మోయువానికి ఆట చూచు తీరిక యెక్కడిది? నీళ్లు త్రాగబోయినప్పుడు ఎవని సెల్‌ఫోనునో తొంగిచూచి స్కోరు తెలిసికొనును. ఆ తొంగిచూపును మీరు కాలక్షేపమందురా? ఏడాదికో రెండేండ్లకో యొకసారి యింటిమొగము చూచువానికి ఆ స్కోరు ఇంటినుండి వచ్చిన వార్తవంటిది.

ఇంకొక్క చిన్నసంగతి. ఇంటర్నెట్టుమీద వచ్చు బొమ్మ తరచు అరనిమిషమో, అంతకు నెక్కువయో వెనుకబడి వచ్చును. తండ్రి యిచ్చట టెలివిజనులో వికెట్టు పడుట చూచి ఫోనులో కేకవేయును. కుమారున కచ్చట బౌలరింకను పరుగే మొదలుపెట్టి యుండడు. "చెప్పవద్దు నాన్నా, చెప్పవద్దు" అని వాడు మొరపెట్టుకొనును. సముద్రములకావల నున్నను తండ్రికొడుకు లిరువురు ఒకే యాటను, అరనిమిషపు టెడముతో, కలసి చూచుచున్నారు. మా ప్లీడరుగారి ప్రశ్నకు సగము సమాధానము ఇందే గలదు. వారి కుమారుడు రాత్రి రెండింటికి మేలుకొనునది ఆటకొరకే కాదు. ఆ వేళ తన తండ్రియు అదే చూచుచుండునని యెరుగును గనుక మేలుకొనును.

దూరముననున్నవారికి ఆటద్వారా దేశము కనబడుట నేటిమాట గాదు. 1932 జూన్ 25న లండనులోని లార్డ్సు మైదానమున భారతదేశము మొట్టమొదటి టెస్టు ఆడినది. ఆ జట్టు నాయకుడు కొఠారి కనకయ్యనాయుడు; నాగపురమున బుట్టిన తెలుగువాడు. మనము 158 పరుగులతో నోడితిమి. ఇచ్చటివారికి ఆ వార్త తంతిమీద వచ్చి మరునాటి పత్రికలో గాని తెలియలేదు. ఆనాడు దేశమునకు దూరముగ నున్నవాడు ఆటను కన్నులార చూడగలిగెను, దేశముననున్నవాడు చూడలేకపోయెను. నేడు తారుమారైనది.

1936లో బెర్లిను ఒలింపిక్కులందు హాకీ ఫైనలు ఆగస్టు 15న జరిగెను. ధ్యానచందు నాయకత్వమున మనవారు జర్మనీని 8-1 గోల్సుతో నోడించిరి. ఆటకుముందు దుస్తులు మార్చుకొను గదిలో మనవారు మువ్వన్నె జెండాను విప్పి వందనము చేసిరి. మైదానమున ఎగురవేయుటకు వీలులేని జెండా యది. సరిగా పదునొకండేండ్లకు, ఆ తేదీనాడే, ఆ దేశము స్వతంత్రమగునని వారిలో నెవ్వరును ఎరుగరు. 1948 ఆగస్టు 12న లండనులోని వెంబ్లీ మైదానమున స్వతంత్రభారతపు హాకీజట్టు బ్రిటనును 4-0 తో నోడించి స్వర్ణపతకము గొన్నది. నిన్నటి పాలకుని రాజధానిలో, వాని జట్టునే గెలిచి, మన పతాకము పైకి లేచినది. ఆ నగరమున నానాడు చదువుకొనుచో, ఓడరేవులలో పనిచేయుచో నుండిన భారతీయునకు ఆ దృశ్యమేమి చెప్పియుండునో నేను వర్ణింపనక్కరలేదు.

1983 జూన్ 25న అదే లార్డ్సులో కపిల్‌దేవుని జట్టు 183 పరుగులు మాత్రమే చేసియు, వెస్టిండీసును 140కే ముగించి, ప్రపంచకప్పును గెలిచినది. నాయుడుగారు మొదటి టెస్టు ఆరంభించిన తేదీయు అదే. నడుమ నేబదియొక్క యేండ్లు. ఆ పోటీలలోనే, వారము ముందు, జింబాబ్వేమీద కపిల్‌దేవుడు 175 పరుగులు చేసెను. ఐదు వికెట్లు పదునేడు పరుగులకే పడిపోయినపిమ్మట ఆడిన యాట యది. దానికి చలనచిత్రము లేదు. మైదానమున నున్నవారు తప్ప మరెవ్వరును దానిని చూడలేదు, ఇక చూడనులేరు. ప్రసారమన నెంత విలువగలదో తెలియవలెనన్న ఆ యొక్క యాటను తలచుకొనిన చాలును.

ఇక హక్కుమాట. ఇందు నా వృత్తికి సంబంధించిన కొంత చెప్పక తప్పదు, విసుగు జెందకుడు.

1993లో వంగదేశపు క్రికెట్టు సంఘమువారు తమ వజ్రోత్సవ సందర్భమున నడపిన హీరోకప్పు పోటీల ప్రసారహక్కును ఒక విదేశీసంస్థకు ఇచ్చిరి. దూరదర్శనువారును ప్రభుత్వమువారును అభ్యంతరము చెప్పిరి. ఆ వ్యాజ్యెము సుప్రీముకోర్టు వరకు బోయినది. 1995 ఫిబ్రవరి 9న తీర్పు వచ్చినది. తీర్పు చెప్పిన ముగ్గురు న్యాయమూర్తులలో నొకరు, అంతకుముందు ఆంధ్రప్రదేశ్ హైకోర్టున న్యాయమూర్తిగ నుండిన జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డిగారు. ఆకాశతరంగములు ప్రజలయాస్తి, అవి ప్రభుత్వపు సొమ్ము గాదు, వర్తకుని సొమ్మును గాదు, ప్రజల మేలుకొరకు వానిని వినియోగింపవలెను: ఇది యా తీర్పు సారాంశము. క్రీడను ప్రసారము చేయుటయు, చూచుటయు వాక్స్వాతంత్ర్యములోని భాగమేయని కోర్టు అంగీకరించినది. ఒక ఆటవలన బుట్టిన తగవునుండి ఇంత పెద్ద సూత్రము వెలువడినది.

ఆ సూత్రమును కొంతవరకైనను ఆచరణకు దెచ్చినది 2007 నాటి చట్టము. జాతీయ ప్రాముఖ్యముగల క్రీడాపోటీల ప్రసారహక్కును కొన్నవాడు, తన ప్రత్యక్షప్రసారమును ప్రకటనలు లేకుండ ప్రసారభారతికి పంచియీయవలెను. దానిపై వచ్చు ప్రకటనల యాదాయములో టెలివిజనుకైనచో నూటికి డెబ్బదియైదు పాళ్లకు దక్కువగాకుండ హక్కుదారునకే పోవును, రేడియోకైనచో సగముసగము. కేబులులేని పల్లెటూరి బీదవాడును దేశపు టాటను చూడవలెనన్నదే దీని యాశయము. 2017లో సుప్రీముకోర్టు దీనికి హద్దు నిర్ణయించినది: ఆ ప్రసారము ప్రసారభారతి సొంత భూతలప్రసారములకును, సొంత డిష్షు ప్రసారములకును మాత్రమే చెల్లును, కేబులువారు దానిని ఎత్తుకొని వాడరాదు.

ఈ చట్టము మంచిదే. గాని ఇది మన తీరమువద్ద నాగిపోవును. రేవుదాటినవాడు దాని నీడలో లేడు. అతని పాలిట దేశపు టాట ఖండఖండములుగా గోసి అమ్మబడిన సరకు. అమెరికాకొక హక్కుదారుడు, ఇంగ్లండునకొకడు, గల్ఫునకొకడు. ఒక దేశమున డబ్బుచెల్లించి చూచువాడు సరిహద్దు దాటగనే తెరమీద "ఈ ప్రాంతమున లభింపదు" అను మాట చూడవలసివచ్చును. పేరు మాత్రము దేశముది. జట్టు "ఇండియా", చొక్కామీదను అదే పేరు, గెలిచిన ప్రధానమంత్రి యభినందించును. హక్కు అమ్మువాడో, సంఘముల చట్టముక్రింద రిజిస్టరైన యొక క్రికెట్టు బోర్డు. 2005లో జీ టెలిఫిలిమ్సు వ్యాజ్యెమున సుప్రీముకోర్టు అధికసంఖ్యాకుల తీర్పుచే, రాజ్యాంగము పండ్రెండవ యధికరణమున జెప్పిన "రాజ్యము" అను మాటలోనికి ఈ బోర్డు రాదనినది. ఐనను ప్రజాసంబంధమైన పని చేయుచున్నది గనుక హైకోర్టుల యధికారమునకు పూర్తిగ వెలుపలిది గాదనినది. దేశము పేరు వాడుకొనునప్పుడు ప్రజలది, సొమ్ము లెక్కించునప్పుడు సొంతము అను ఈ రెండునాల్కల స్థితి మనకు సమ్మతము గారాదు.

నేను సర్వము ఉచితముగా నిమ్మని యడుగుటలేదు. ఆటకు సొమ్ము గావలెను. మైదానములు, చిన్నయూళ్ల పోటీలు, ఆడపిల్లల జట్లు అన్నియు ప్రసారపు టాదాయముననే బ్రతుకుచున్నవి. ఐ.పి.యల్. వంటి వర్తకపు టాటమీద నాకు దావా లేదు. దాని 2023 మొదలు 2027 వరకు గల ప్రసారహక్కులు 2022లో రూ. 48,390 కోట్లకు అమ్ముడుపోయినవి. కొన్నవాడు అమ్ముకొననీ. నేనడుగునది దేశము పేరిట ఆడు ఆటనుగూర్చి. ఆ యాటలకు రేడియో వ్యాఖ్యానమునైనను, హిందీతోబాటు తెలుగు మొదలైన భాషలలో, భూమిమీద నెక్కడనున్న భారతీయునకైనను ఉచితముగ వినిపింపవలెనని హక్కుల ఒడంబడికలోనే బోర్డు ఒక నిబంధన చేర్చవచ్చును. దినకూలితో బ్రతుకువాడు ఏడాది చందా కట్టనక్కరలేకుండ ఒక్క యాటను ఒక్కనాటి కూలిలో స్వల్పభాగమునకు కొనుక్కొను వీలు కల్పింపవచ్చును. ఈ రెంటిలో నసాధ్యమైనది యేదియు లేదు. అడుగువాడు లేకనే జరుగుటలేదు. విదేశములలోని మన సంఘములు సంక్రాంతికిని ఉగాదికిని సభలు చేయుచున్నవి. ఒక్క యేడు ఈ విషయమున నొక విన్నపమును పంపరాదా?

హక్కునుగూర్చి యింత చెప్పినవాడను నా తప్పునుగూడ చెప్పవలెను.

2007 సెప్టెంబరు 24. నేనప్పు డమెరికా తూర్పుతీరమున న్యాయశాస్త్రపు పైచదువు చదువుచుంటిని. ఆనాడు దక్షిణాఫ్రికాలోని జొహానెస్‌బర్గులో మొదటి ట్వెంటీ20 ప్రపంచకప్పు ఫైనలు. ఆటలోనిది భారతదేశము, పాకిస్తాను. అచ్చట సోమవారము ఉదయము. తరగతికి డుమ్మాకొట్టి నలుగురము భారతీయులము నా గదిలో చేరితిమి. ఎదుటిగది విద్యార్థి లాహోరువాడు. అతడును వచ్చి మా మంచముమీద కూర్చుండెను. చందా కట్టు స్తోమతు మాకు లేదు. ఉన్నను కట్టియుందుమని చెప్పలేను. మేము చూచినది దొంగప్రసారము. పరుల యాస్తినిగూర్చిన చట్టములు చదువుచునే పరుల సొమ్మును దొంగిలించి చూచుచుంటిమి. అది నా ప్రాయమునకు వచ్చిన తప్పు గాదు, తెలిసి చేసిన తప్పు.

మనవారు 157 చేసిరి. చివరి ఓవరున పాకిస్తానునకు పదుమూడు పరుగులు కావలెను. ఒక్కటే వికెట్టు మిగిలియున్నది. జోగీందరు శర్మ బంతి వేయుచున్నాడు. మొదట నొక వైడు. పిమ్మట పరుగులేని బంతి. పిమ్మట మిస్బా కొట్టిన సిక్సరు. నాలుగు బంతులలో ఆరు పరుగులు కావలెననుచుండగా తెర బిగిసికొనిపోయినది. దొంగసొత్తు దొంగవలెనే చేతబట్టించినది! మేము మీటలు నొక్కితిమి, తిట్టితిమి, బొమ్మ కదలలేదు. లాహోరు మిత్రుడు జేబునుండి ఫోను దీసి యింటికి ఫోను చేసెను. ఒక్కనిమిషము విని, ఫోను క్రిందబెట్టి, మావంక జూచి, "మీవాళ్లు గెలిచారు" అనెను. హిందూస్తానీలో ననెను; మాట యిదియే. మేమెవ్వరమును కేకవేయలేకపోతిమి. అతడే లేచి మా పొయ్యిమీద టీనీళ్లు పెట్టెను. మిస్బా కొట్టిన బంతిని శ్రీశాంతు పట్టినాడనియు, ఐదు పరుగుల తేడాయనియు పిమ్మట తెలిసినది. ఆ పట్టును నేను తరువాత నెన్నియోమారులు చూచితిని. గాని నాకు స్వదేశపు గెలుపు మొట్టమొదట తెలిసినది ఓడినవాని నోటనే. ఆ తరువాత నాకు దొంగప్రసారము చూచుటకు మనసొప్పలేదు. ఎదుటిపక్షమువానిని చూచి వెక్కిరించుటకును మనసొప్పలేదు.

బాధ్యతయని నేననునది ఇదియే. దీనిని మరచిన నేమగునో 2022లో లెస్టరు నగరము చూపినది. ఆ యేడు ఆగస్టు 28న దుబాయిలో ఆసియాకప్పునందు మనము పాకిస్తానును గెలిచితిమి. ఆ రాత్రి ఇంగ్లండులోని లెస్టరున గుంపులు వీథిలోనికి వచ్చినవి. నినాదములు, తోపులాటలు జరిగినవి. తరువాతి వారములలో సెల్‌ఫోనులమీద వదంతులు వ్యాపించి, హిందూ ముస్లిము యువకుల నడుమ నల్లర్లు రేగినవి. వానికి కారణములు పెక్కులు. నేరము ఆటమీదనే మోపుట న్యాయము గాదు. గాని తరతరములుగ నిరుగుపొరుగున గాపురముండి యొక్క యంగడిలోనే బియ్యము పప్పు కొనుక్కొనువారు, వేలమైళ్ల దూరమున జరిగిన ఆట ముగిసిన రాత్రి ఒకరిమీదికొకరు పోయిరి. ఎవరి గౌరవము పెరిగినది? పరదేశమున మనమందరము ఒక్క రంగువారమే యని చూచువాని కన్నులకు భారతమాత పేరు అల్లరిమూక కేకయైనది. దేశాభిమానమని దానికి పేరు పెట్టువాడు దేశమునకు అపకారము చేయుచున్నాడు.

దీనికి మరియొక ప్రక్క గలదు. 1990లో నార్మన్ టెబిట్ అను బ్రిటిషు రాజకీయనాయకుడు, వలసవచ్చినవారి విశ్వాసమునకు క్రికెట్టును పరీక్షగా బెట్టెను. ఇంగ్లండును గాక తాము విడిచివచ్చిన దేశపు జట్టును ప్రోత్సహించువాడు ఈ దేశమునకు సొంతవాడగునా యని యతని ప్రశ్న. పన్నులు గట్టి, ఆసుపత్రులలో రాత్రింబగళ్లు పనిచేసి, చట్టమునకు లోబడి బ్రతుకువానికి చప్పట్లచే పరీక్షయా? ఆ ప్రశ్న యన్యాయమని మనమందరము ఒప్పుకొందుము. మంచిది. మరి అదే పరీక్షను మనము మన పిల్లలకు బెట్టుటలేదా? అక్కడ బుట్టిన పిల్లవాడు అమెరికాజట్టునకు చప్పట్లుకొట్టిన "వీడు మనవాడు కాకుండ పోయినా"డని నిట్టూర్చు తాతలు మన యూరిలో లేరా? ఇంగ్లీషువాడు బెట్టిన తప్పుడుపరీక్ష మన చేతిలో ధర్మమగునా?

2024 జూన్ 12న న్యూయార్కువద్ద ప్రపంచకప్పు ఆటలో అమెరికా, భారతదేశము తలపడినవి. అమెరికా పక్షమున బంతి వేసినవాడు సౌరభ్ నేత్రావల్కర్. బొంబాయిలో బుట్టి, 2010లో పందొమ్మిదేండ్ల లోపువారి ప్రపంచకప్పున భారతదేశము తరఫున నాడి, తరువాత చదువునకు అమెరికా వెళ్లి, కంప్యూటరు ఇంజనీరుగ జీవించుచున్నవాడు. ఆరుదినముల ముందు డల్లాసువద్ద సూపర్ ఓవరు వేసి పాకిస్తానుపై అమెరికాను గెలిపించెను. ఆనాడు మనమందరము ఆతని మెచ్చుకొంటిమి. జూన్ 12న మొదటి బంతికే కోహ్లీని, పిమ్మట మూడు పరుగులకే రోహిత్తును అవుటు చేసెను. గెలుపు చివరకు మనదే, ఏడు వికెట్లతో. ఆ మైదానమున నీలపుచొక్కాలు దొడిగి కూర్చున్న వేలమంది భారతీయులు ఆ రెండు వికెట్లు పడినప్పుడేమి చేయవలసినది? ఏడ్వవలెనా, చప్పట్లు కొట్టవలెనా? నన్నడిగిన, రెండును జేయవచ్చును. పుట్టినింటిని మెట్టినింటిని సమముగ గౌరవించు ఆడుబిడ్డను మన సంప్రదాయము ద్రోహియనలేదు. సుగుణవతియనినది.

విద్యార్థులారా! మీకు నేను చెప్పదలచినవి కొన్నియే. ఆటను ఒంటరిగ చీకటిగదిలో చూడకుడు. నలుగురు కలసి చందా కట్టి, న్యాయముగ గొని, కలసి చూడుడు. లాహోరువాడో ఢాకావాడో పొరుగున నున్నయెడల వానిని గూడ పిలువుడు. రేపు మీకు పిల్లలు గలిగినప్పుడు వారిని ప్రక్కన గూర్చుండబెట్టికొని ఆటను తెలుగులో వివరింపుడు. బలవంతముగ నేర్పినదానికంటె ఆ నాలుగు గంటలలో వచ్చు తెలుగు ఎక్కువ. ఆడపిల్లలను మేలుకొలుపుటయు మరువకుడు. 2025 నవంబరు 2న నవీముంబయిలో మన స్త్రీలజట్టు దక్షిణాఫ్రికాను 52 పరుగులతో నోడించి మొట్టమొదటిసారి ప్రపంచకప్పు గెలిచినది. ఆ జట్టులో కడపజిల్లా బిడ్డ శ్రీచరణి యాడినది. ఆ యాటను తమ కుమార్తెలకు చూపక నిదురపుచ్చినవారు వారికొక యాస్తిని పోగొట్టినవారే.

కడపటిమాట, అన్నిటికంటె ముఖ్యమైనమాట. ప్రేక్షకుడు వేరు, పౌరుడు వేరు. ప్రేక్షకుడు తెర యారగనే నిద్రించును. 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టమునకు 2010లో సవరణచేసి 20ఏ అను సెక్షనును చేర్చిరి. చదువునకో యుద్యోగమునకో విదేశమున నుండి, మరియొక దేశపు పౌరసత్వము పుచ్చుకొనని పదునెనిమిదేండ్లు నిండిన భారతీయుడు, తన పాసుపోర్టులోని యూరనే ఓటరుగ చేరవచ్చును. 6ఏ అను ఫారము నింపిన చాలును. ఓటు మాత్రము స్వయముగ వచ్చి, పాసుపోర్టు చూపి వేయవలెను. అది యొక లోపము, సవరింపదగినది. గాని ఆ ఫారమునైన నింపినవారు మనలో నెందరు? ఆట చూచుటకు ఐదురాత్రులు మేలుకొనువాడు ఆ కాగితమునకు అరగంట వెచ్చింపలేడా? తన యూరి చెరువు పూడినదో లేదో, బడిలో పంతులున్నాడో లేదో అడుగలేడా? ఆ పనిగూడ జేసినవాని రాత్రిమేల్కొలుపును నేను నిస్సంశయముగ దేశభక్తియందును. చేయనివానిది ప్రేమయే గాని, ఇంకను సగములో నున్న ప్రేమ.

మా ప్లీడరుగారు ఈ సభలోనే యున్నారు. వారికి నేను మనవిచేయునది ఒక్కటే. అయ్యా, మీ యబ్బాయి దేశమును విడిచిపోయినాడే గాని, దేశమతనిని విడువలేదు. ఈసారి వికెట్టు పడినప్పుడు మాత్రము దయచేసి అరనిమిషము ఓపికపట్టి, పిమ్మట ఫోను చేయుడు.